మెషిన్‌లో కడిగినా మళ్లీ తోముకోవాల్సి వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు, మా నెత్తిమీదే ట్యాంకు. అందరికీ బోరు నీళ్లే. ఇంట్లో ఆరుగురం. పనిమనిషి మానేశాక కిందటి దసరాకు డిష్‌వాషర్ తీసుకున్నాం. మొదట్లో బోళ్లు తళతళలాడుతూ వచ్చేవి. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి పై అరలో పెట్టిన గ్లాసుల్లో ఇసుక రవ్వల్లాంటివి మిగులుతున్నాయి. స్టీలు పళ్లేల మీద ఆరాక తెల్లటి పొర కడుతోంది. సర్వపిండి చేసిన గంజు అయితే పెట్టింది పెట్టినట్టే బయటికొస్తోంది. నేను అన్నీ నల్లా కింద ఒకసారి కడిగే లోపల పెడతాను. కరెంటు బిల్లు భయానికి అరగంట ప్రోగ్రాం మీదే నడుపుతాను. ఉప్పు లైటు వెలిగితే వంటింట్లో ఉన్న మామూలు ఉప్పు పోశాను. మెకానిక్ వచ్చి నీళ్లలో టీడీఎస్ మీటర్ ముంచి చూపించి, ఇంటి మొత్తానికి నీళ్లలో సున్నం తీసే పెద్ద సాఫ్ట్‌నర్ పెట్టించుకోమన్నాడు. మా అత్తమ్మ రోజూ ‘పైసలిచ్చి పరేషాన్ కొనుక్కచ్చుకున్నవ్ బిడ్డా’ అంటోంది. బాగు చేయించమంటారా, అమ్మేయమంటారా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మెషిన్ చెడిపోయినట్టు లేదు. గ్లాసుల్లో రవ్వలు, పళ్లేల మీద తెల్లపొర, గంజుకు మాడు. మీకు ఇవన్నీ ఒకటే జబ్బులా కనిపిస్తున్నాయి గానీ మూడింటికీ కారణాలు వేరు. దేనికది చూసుకుంటే చాలావరకు మీ చేతుల్లోనే తేలిపోయే పని. పెద్ద సాఫ్ట్‌నర్ మాట ఇప్పుడే వద్దు.

ముందు గ్లాసుల సంగతి. డిష్‌వాషర్ మనలాగా ధారగా నీళ్లు వదిలి కడగదు. ఒక విడతకు మూడు నాలుగు లీటర్లు లోపలికి తీసుకుని, ఆ నీళ్లనే పంపుతో మళ్లీ మళ్లీ పైకి చిమ్ముతుంది. మురికయ్యాక బయటికి తోసేసి కొత్త నీళ్లు తీసుకుంటుంది. మొత్తం ప్రోగ్రాం అయ్యేసరికి చాలా మెషిన్లకు పది, పన్నెండు లీటర్లు దాటవు. అంటే పళ్లెం మీద నుంచి రాలిన మెతుకు, ఆవగింజ ఆ నీళ్లతోనే తిరుగుతుంటాయి. వాటిని ఆపేది అడుగున ఉన్న ఫిల్టర్ ఒక్కటే. అది నిండిపోయినా, సరిగ్గా బిగించకపోయినా చెత్తంతా పంపులోంచి నీళ్లు చిమ్మే రెక్కల్లోకి పోతుంది. రెక్కల కన్నాలు పూడుకుంటాయి. పై అరకు నీళ్లు సరిగా అందవు, అందిన నీళ్లలో కూడా రవ్వలుంటాయి. మీ గ్లాసుల్లో కనిపిస్తున్నది అదే.

కింది అరను పూర్తిగా బయటికి లాగండి. అడుగున గుండ్రటి జాలీ డబ్బాలాంటిది కనిపిస్తుంది. ఎక్కువ మెషిన్లలో ఎడమవైపు తిప్పితే ఊడుతుంది. దాని చుట్టూ పళ్లెంలా పరుచుకున్న ఇంకో జాలీ ఉంటుంది, అదీ తీయండి. దసరా నుంచి ఒక్కసారి కూడా తీసి ఉండకపోతే ముక్కు మూసుకుని తీయండి, వాసన అలా ఉంటుంది. నూనె, పప్పు గుజ్జు కలిసి జిగటగా పట్టి ఉంటాయి. వేడినీళ్లలో అంట్లసబ్బు కలిపి కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సబ్బు నురగ పోయేదాకా నల్లా కింద కడిగాకే తిరిగి పెట్టండి. వైరు పీచుతో మాత్రం రుద్దొద్దు, జాలీ చిరుగుతుంది. బిగించేటప్పుడు టక్కుమని కూర్చునేదాకా తిప్పాలి. చాలామంది శుభ్రంగా కడిగి, సగమే తిప్పి వదిలేస్తారు. అలా వదిలేస్తే కడిగి లాభం లేదు, పక్కసందులోంచి రవ్వలు దూరిపోతూనే ఉంటాయి. ఆరుగురి ఇంట్లో వారానికోసారైనా ఈ పని తప్పదు.

తర్వాత రెక్కలు. పై అర కింద ఉండే రెక్కకు నడిమధ్యలో మర ఉంటుంది, లేదా క్లిప్ ఉంటుంది. తీసి చెవి దగ్గర ఊపి చూడండి. లోపల గలగలమంటే గింజలున్నట్టే. మన వంటకు ఈ బాధ ఎక్కువ. ఆవాలు, జీలకర్ర, మిరప గింజలు, చింతపండు పీచు సరిగ్గా ఆ కన్నాల సైజువే. పచ్చిపులుసు గిన్నె కడిగిన రోజున చింతపండు పీచు కన్నానికి అడ్డంగా కూర్చుంటే, దాని వెనక మిగతావి చేరతాయి. రెక్కను నల్లా కింద పట్టుకుని నీళ్లు పోస్తే ఏ కన్నంలోంచి ధార రావడం లేదో తెలిసిపోతుంది. పిన్నీసుతో లోపలికి పొడవకుండా, బయటికి లాగినట్టు తీయండి. అగ్గిపుల్ల, టూత్‌పిక్ లోపలే విరుగుతాయి, వాడొద్దు. కన్నాల అంచున తెల్లగా గట్టిపడి ఉంటే అది నీళ్ల సున్నం. గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానబెడితే మెత్తబడుతుంది.

తిరిగి బిగించాక చేత్తో తిప్పి చూడండి. గంటె కాడో, పెద్ద పళ్లెం అంచో తగిలితే రెక్క ఆగిపోతుంది, ఆగిన చోట ఒకవైపే కడుగుతుంది. అనుమానముంటే రెక్కను ఒకవైపుకు పెట్టి, ఎక్కడుందో గుర్తుపెట్టుకుని మెషిన్ వేయండి. పది నిమిషాలకు ఆపి, నీళ్ల చప్పుడు తగ్గాక తలుపు తీసి చూడండి. వేరే చోట ఉంటే తిరుగుతున్నట్టు.

పై అంతస్తు అన్నారు కదా, అక్కడ ఇంకో కిటుకు ఉంది. బోళ్ల మీదికి నీళ్లు జోరుగా చిమ్మేది మెషిన్ లోపలి పంపే, ట్యాంకు కాదు. అయితే మెషిన్‌లోకి నీళ్లు నిండాలంటే మాత్రం బయటి నుంచి కొంత ఒత్తిడి కావాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మీ ట్యాంకు నీటిమట్టానికీ, వంటింటి నల్లాకూ మధ్య మూడు నాలుగు మీటర్లే ఉంటే 0.3, 0.4 బార్‌కు మించదు. చాలా కంపెనీలు కనీసం 0.5 బార్ అడుగుతాయి, కొన్ని అంతకన్నా తక్కువతో సరిపెట్టుకుంటాయి. మీ మెషిన్ పుస్తకంలో చూడండి. అదే మెషిన్ మీకు మూడంతస్తుల కింద ఉండేవాళ్లింట్లో బాగా నడుస్తుండొచ్చు. ఎండాకాలంలో ట్యాంకు సగమే నిండుతుంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. నీళ్లు చాలకపోతే పంపు గాలి పీల్చి గురగురమంటుంది, లేదా నల్లా గుర్తు ఉన్న లైటు వెలుగుతుంది. ఆ చప్పుడు వింటున్నారా?

వింటుంటే ఒత్తిడి పెంచే పంపు కొనే ముందు ఒక పని చేయండి. ప్లగ్ తీసి, నల్లా కట్టేసి, మెషిన్‌లోకి నీళ్లు వచ్చే పైపు మర విప్పండి. పైపు చివరన వేలిగోరంత జాలీ ఉంటుంది. బోరు మట్టంతా అక్కడే చేరుతుంది. కడిగి పెడితే ఒక్కోసారి పంపు అవసరమే పడదు. అప్పటికీ నీళ్లు సన్నగానే వస్తుంటే బాత్‌రూం షవర్లకు పెట్టుకునే చిన్న ప్రెషర్ పంపు సరిపోతుంది.

ఇక తెల్లపొర. పొర కట్టిన గాజు గ్లాసొకటి తీసుకుని, ఒకవైపు నిమ్మచెక్కతో రుద్ది రెండు నిమిషాలాగి కడిగి తుడవండి. ఆ వైపు మెరిసి, రెండోవైపు అలాగే ఉంటే అది నీళ్లలోని సున్నం. పోయే మురికే, బెంగ లేదు. రుద్దినా తేడా లేకుండా వెలుతురులో పొగ పట్టినట్టే కనిపిస్తే గాజు పైపొరే అరిగిపోయింది, ఆ గ్లాసును మళ్లీ మామూలు చేయలేం. మీ బోరు నీళ్లకు మొదటిదే అయి ఉండాలి. మన వరంగల్ ప్రాంతమంతా గ్రానైటు రాయి మీద ఉంది. ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. ఒక బోరుకూ పక్క బోరుకూ తేడా ఉండొచ్చు కాబట్టి పక్కింటివాళ్ల లెక్క మీకు పనికిరాదు.

మెకానిక్ చూపించిన టీడీఎస్ మీటరుతో ఈ సంగతి తేలదు. అది నీళ్లలో కరిగిన ఉప్పులన్నిటినీ కలిపి చెబుతుంది. అందులో బోళ్లకు పట్టే సున్నం ఎంతో చెప్పదు. అసలు సాఫ్ట్‌నర్ పెట్టించినా టీడీఎస్ అంకె పెద్దగా దిగదు. ఎందుకంటే అది కాల్షియాన్ని పట్టుకుని దాని బదులు సోడియాన్ని వదులుతుంది, అంతే. మీకు కావలసింది కాఠిన్యం లెక్క, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో. దానికి వేరే పట్టీలు దొరుకుతాయి, నీళ్లలో ముంచితే రంగు మారి చెబుతాయి. కొన్ని మెషిన్ల డబ్బాలోనే ఒక పట్టీ ఇస్తారు. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. మెషిన్ పుస్తకాల్లో ఇదే లెక్కను జర్మన్ డిగ్రీల్లో ఇస్తారు. ఒక డిగ్రీ అంటే దాదాపు 18 మిల్లీగ్రాములు. 600 అంటే సుమారు 34 డిగ్రీలు.

ఈ లెక్క ఎందుకంటే మీ మెషిన్ లోపలే చిన్న సాఫ్ట్‌నర్ ఉంది. మీరు ఉప్పు పోసేది దానికే. అందులోని రెజిన్ పూసలు సున్నాన్ని పట్టుకుంటాయి, నిండిపోయాక ఉప్పునీళ్లతో వాటిని కడిగి మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. ఎన్నాళ్లకోసారి అలా కడుక్కోవాలో దానంతట దానికి తెలియదు, మనం సెట్టింగ్ పెట్టాలి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు సాధారణంగా మధ్యస్థంగా పెట్టి పంపుతారు. బిగించడానికి వచ్చినవాళ్లు నీళ్లు పరీక్షించి మార్చాలి. హడావిడిలో నల్లా, ప్లగ్ చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీది కూడా అలాగే ఉండిపోయి ఉంటుందని నా అనుమానం. పుస్తకంలో ఉప్పు పేజీ తీసి, మీ నీళ్ల లెక్కకు తగ్గ మెట్టు మీద పెట్టండి. రెండు బటన్లు కాసేపు నొక్కిపట్టడం తప్ప ఇందులో పెద్ద పనేం లేదు.

వంటింటి ఉప్పు ఒకసారి పోసినందుకు టెన్షన్ పడకండి. కానీ మళ్లీ పోయొద్దు. సన్న ఉప్పు గడ్డకట్టి దారి మూసేస్తుంది, అది ఉండకట్టకుండా కలిపే పదార్థాలు కూడా పూసలకు మంచివి కావు. దొడ్డుప్పు పోస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే అదీ వినొద్దు. సముద్రపు దొడ్డుప్పులో మట్టి, కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. దేన్ని తీసేయాలని చూస్తున్నామో దాన్నే చేతులారా పోసినట్టవుతుంది. డిష్‌వాషర్ ఉప్పు అని విడిగా అమ్మేదే వాడండి. పోసేటప్పుడు చుట్టూ చిందిన ఉప్పు తుడిచేసి, వెంటనే ఒక ప్రోగ్రాం వేయండి. లేకపోతే స్టీలు అడుగున తుప్పు మచ్చలు పడతాయి. మూత గట్టిగా బిగించారో లేదో రెండోసారి చూడండి. మూత వదులుగా ఉంటే ఉప్పునీళ్లు కడిగే నీళ్లలో కలిసి, తీరా చూస్తే అదే తెల్లపొరలా ఆరుతుంది.

ఇంకో అలవాటు ఉంటే మానుకోండి. తాగే నీళ్ల ఆర్ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్లను బకెట్లో పట్టి బోళ్లకు వాడుతుంటారు. ఇల్లు తుడవడానికి పర్వాలేదు గానీ, సున్నమంతా వాటిలోనే చిక్కబడి ఉంటుంది. ఆ నీళ్లు పోసి తీసిన గ్లాసును చూసి మెషిన్‌ను తిట్టడం న్యాయం కాదు.

డిష్‌వాషర్‌లో వేసే సబ్బు పొడి అయినా, ట్యాబ్లెట్ అయినా ఫరవాలేదు. పొడి అయితే వానాకాలంలో చెమ్మ తగలకుండా గట్టి మూత డబ్బాలో పోసుకోండి. సింకులో వాడే అంట్లసబ్బు నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలో పోయొద్దు. నురగ తలుపులోంచి వంటింట్లోకి వస్తుంది.

ఇప్పుడు గంజు దగ్గరికి వద్దాం. డిష్‌వాషర్ పొడిలో ఎంజైములుంటాయి. అన్నం గంజినీ, పప్పునూ కరిగించేది అవే. వాటికి వేడి కావాలి, టైం కావాలి. అరగంట ప్రోగ్రాంలో రెండూ చాలవు. కొన్నిసార్లు ట్యాబ్లెట్ కరగడం కూడా పూర్తికాదు. ఆ ప్రోగ్రాం టీ గ్లాసులకు, చుట్టాలు వచ్చిపోయాక మిగిలే నీళ్ల గ్లాసులకు. మీ కరెంటు భయం కూడా తిరగబడి ఉంది. మెషిన్‌లో కరెంటు ఎక్కువగా తినేది నీళ్లు కాచే హీటరు, తిరిగే పంపు కాదు. మూడు గంటలు నడిచే ఇకో ప్రోగ్రాం నీళ్లను తక్కువ వేడి చేసి, ఎక్కువసేపు నానబెట్టి కడుగుతుంది కాబట్టి సాధారణంగా అన్నిట్లోకీ తక్కువ కరెంటు దానికే. రాత్రి భోజనాలయ్యాక ఇకో వేసి పడుకోండి. జిడ్డు ఎక్కువున్న రోజున ఇంటెన్సివ్ వేయండి. దానికి నీళ్లు 65, 70 డిగ్రీల దాకా కాగుతాయి, కరెంటు ఎక్కువే, కానీ అది వారంలో ఒకటి రెండు సార్లే కదా.

సర్వపిండి గంజు మాట మాత్రం నిజం చెబుతాను. అడుగున ఎర్రగా కాలి కరకరలాడే ఆ పెచ్చు కోసమే కదా మనం సర్వపిండి చేసుకునేది! పెచ్చు తినేశాక నూనెతో కలిసి నల్లగా మాడిన పొరొకటి గంజుకు మిగులుతుంది. ఎంజైములు గంజిని కరిగిస్తాయి గానీ బొగ్గయినదాన్ని ఏం చేయలేవు. గంజు ఇంకా వేడిగా ఉండగానే నీళ్లు పోసి, రాత్రంతా నానబెట్టి, చెక్క గరిటెతో గీకి, తర్వాత కింది అరలో బోర్లా, కాస్త వాలుగా పెట్టండి. మాడు ఎక్కువుంటే ఆ ఒక్కటి చేత్తో తోముకోవడమే నయం. గటక వండిన గిన్నెకు ఇంత కష్టం లేదు, నానితే చాలు. మీ గంజు అల్యూమినియందైతే అసలు లోపల పెట్టొద్దు. పొడిలోని సోడా గుణానికి నల్లబడిపోతుంది. నాన్‌స్టిక్ పెనం, ఇనుప మూకుడు, కుక్కర్ రబ్బరు కూడా బయటే. పెంబర్తి నుంచి తెచ్చుకున్న ఇత్తడి దీపాలు, పూజ చెంబులు పండగ హడావిడిలో ఎవరైనా లోపల పెట్టేస్తారేమో ఒక కన్నేసి ఉంచండి. మెరుపు పోతే మళ్లీ పాలిష్ పెట్టించాలి.

ముందే నల్లా కింద కడిగి పెట్టడం ఆపేయండి. మెతుకులు, బొక్కలు, కరివేపాకు చెత్తబుట్టలోకి దులిపితే చాలు. మీ మెషిన్‌లో ఆటో ప్రోగ్రాం ఉంటే అది మొదటి విడత నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో చూసి, ఎంతసేపు కడగాలో నిర్ణయించుకుంటుంది. మీరు సగం కడిగి పెడితే బోళ్లు శుభ్రంగానే ఉన్నాయనుకుని తేలిగ్గా ముగించేస్తుంది. మూలన అంటుకున్న ముద్దపప్పు అక్కడే ఉండిపోతుంది. సర్దడంలో కూడా గిన్నెలో గిన్నె దూర్చొద్దు. మన అంచు పళ్లేలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఒక గాడి వదిలి ఒకటి పెట్టండి. పొడి పోసే చిన్న డబ్బా మూతకు అడ్డంగా పెద్ద పళ్లెం లేకుండా చూసుకోండి. మూత తెరుచుకోకపోతే ప్రోగ్రాం అంతా ఉత్త నీళ్లతో నడిచినట్టే.

పసుపు పట్టిన ప్లాస్టిక్ డబ్బాల గురించి మీరు అడగలేదు గానీ, అవి మెషిన్‌లో తెల్లబడవు. కడిగి రెండు రోజులు ఎండలో పెట్టండి, మన ఎండకు పసుపు దానంతటదే వెలిసిపోతుంది.

ఇవన్నీ చేసి, ఖాళీ మెషిన్‌లో నాలుగైదు చెంచాల నిమ్మ ఉప్పు వేసి వేడి ప్రోగ్రాం ఒకటి నడపండి. ఉప్పు పోసే గదిలో కాదు, లోపల అడుగున వేయాలి. పాత సున్నం దిగిపోతుంది. రెండు వారాలు వాడి చూడండి. అప్పటికీ తేడా లేకపోతే మెకానిక్‌ను పిలవండి. ‘సరిగా కడగడం లేదు’ అని కాకుండా మీరు చూసింది చెప్పండి. ఇంటెన్సివ్ ప్రోగ్రాం సగంలో జాగ్రత్తగా తలుపు తీస్తే ఆవిరి కొట్టాలి. చల్లగా ఉంటే హీటరు సంగతి చూడమనండి. ప్రోగ్రాం అయ్యాక ఫిల్టర్ గుంటలో కొద్దిగా నీళ్లుండటం మామూలే. అడుగంతా మురికినీళ్లు నిలిస్తే బయటికి పోయే పైపు, పంపు చూడమనండి. ఆ పైపు నేల మీద పడి ఉంటే కడుగుతుండగానే నీళ్లు వాటంతటవే జారిపోతుంటాయి, పుస్తకంలో చెప్పిన ఎత్తుకు లేపి కట్టాలి. దసరాకు కొన్నారు కాబట్టి వారంటీ ఇంకా ఉండే ఉంటుంది, బిల్లు వెతికి పెట్టుకోండి. బయటివాళ్లతో విప్పించొద్దు.

అమ్మేసే ఆలోచన అప్పటిదాకా పక్కన పెట్టండి. అత్తమ్మను మాటలతో ఒప్పించే ప్రయత్నం కూడా వద్దమ్మా, ఆమె చల్ల తాగే గ్లాసు మచ్చ లేకుండా వస్తే ఆమే చూసుకుంటుంది. మీ అపార్ట్‌మెంట్‌కు ముందుముందు ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నుంచి శుద్ధి చేసి ఇచ్చే నల్లా నీళ్లు కలిపితే, అవి సాధారణంగా బోరు నీళ్లంత గట్టిగా ఉండవు. అప్పుడు కాఠిన్యం మళ్లీ చూసి ఉప్పు సెట్టింగ్ తగ్గించండి. లేకపోతే ఉప్పు ఊరికే ఖర్చయిపోతుంది.